అమీర్ జాన్ కట్టిన రువైస్ పాట

దుబాయ్‌లో అల్ నహ్దా పేటలోని ఆ భవనంలో నాలుగో అంతస్తున పుట్టిందో, కింద బకాలా కొట్టు దగ్గర పుట్టిందో తెలియదు గాని, అమీర్ జాన్‌కు రువైస్‌లో ఒక ఆడమనిషి ఉందన్న మాట ఆ చలికాలం మొదట్లో బయలుదేరింది.

మొదట ఆమె ఈజిప్టు నర్సు. వారం తిరిగేసరికి మలయాళీ టీచరమ్మ అయింది. తర్వాత లిఫ్టు చెడిపోయి అందరూ మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతున్న రోజుల్లో మాటకు తీరిక దొరికి, ఆమెకు ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు. పెద్దవాడికి అచ్చం అమీర్ జాన్ ముక్కే వచ్చిందన్నారు. చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. రువైస్ అంటే అబూధాబీ కూడా దాటి, ఎడారిలో గంటల తరబడి పోతే వచ్చే రిఫైనరీ ఊరు. అమీర్ జాన్ కొన్నాళ్లు అక్కడ పని చేసొచ్చిన మాట నిజమే. అంత దూరం పోయి ఒక ముక్కు చూసి రావడానికి సెలవు ఎవరిస్తారు?

సాక్ష్యం లేకపోలేదు. ఆ సాక్ష్యం ఒక పాట. అమీర్ జాన్ దుబాయ్‌లో ఒక హోటల్లో, జాజ్ సంగీతం వాయించే బ్యాండులో పని చేస్తాడు. ఆయన వాయించేది డబుల్ బేస్. ఫిడేలుకు తాతలాంటిది, మనిషి కన్నా ఎత్తు. దాన్ని నిలబెట్టి, భుజానికి ఆనించుకుని, లావుపాటి తీగలను వేళ్లతో లాగి వాయించాలి. భవనంలో దాని పేరు పెద్ద ఫిడేలు. ఈ మధ్య అమీర్ జాన్ సొంతంగా ఒక పాట కట్టాడు. మాటలు లేని పాట, చాలా నెమ్మదైనది. దాని పేరు రువైస్. అది వాయిస్తున్నంతసేపూ ఆయన కళ్లు మూసుకుంటాడని, ఒకసారి కంటి కొసన తడి కూడా మెరిసిందని అదే హోటల్లో వడ్డన పని చేసే రత్నాకర్ చూశాడు. రత్నాకర్ జగిత్యాల వైపు మనిషి. అబద్ధమాడడు గాని, చూసింది కడుపులో దాచుకోనూ లేడు. ఇంటికొచ్చి భార్య మాలతికి చెప్పాడు. మాలతి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని ఒక్కొక్కరికే చెప్పింది.

ఇలాంటి మాటలు చేరాల్సిన చోటుకు అన్నిటికన్నా చివర చేరతాయి. అక్తర్ బీకి అది ఒక జాకెట్టు కొలతల మధ్యలో చేరింది. ఆమె అమీర్ జాన్ భార్య. ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకుని ఆ భవనంలోని ఆడవాళ్లందరికీ జాకెట్లు కుడుతుంది. టేపు మెడలో వేసుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని విన్నది కాబట్టి ఏమీ అనలేకపోయింది. సూదులు లేకపోయినా అనేది కాదేమో. కొలత మాత్రం తప్పు రాసుకుంది. ఆ జాకెట్టు తర్వాత ఎవరికీ పట్టలేదు.

అమీర్ జాన్‌ది ప్రొద్దుటూరు. వాళ్ల నాయన పెళ్లి బ్యాండులో పెద్ద బాకా ఊదేవాడు. ముందు నడిచే క్లారినెట్ ఆయనకు పూలదండ, చదివింపులు. వెనకాల భోం, భోం అని ఊదే బాకా ఆయనకు ఊరేగింపు దుమ్ము. చచ్చినా ఆ పని చెయ్యనని కొడుకు చిన్నప్పుడే ప్రమాణం చేశాడు. ఏసీ గొట్టాలు బిగించే పని నేర్చుకుని దుబాయ్ వచ్చాడు. వచ్చిన కొన్నేళ్లకు ఒక హోటలు పైకప్పులో రేకుల గొట్టం బిగిస్తుండగా కింద బ్యాండువాళ్లు తల పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల పెద్ద ఫిడేలు మనిషి, ఓడల మీద వాయించే ఉద్యోగం దొరికి, చెప్పాపెట్టకుండా పోయాడు. హోటలుతో ఒప్పందమేమో నలుగురు మనుషులని. పియానో వాయించే గోవా పెద్దాయన పైకి చూశాడు. నిచ్చెన మీద ఉన్న మనిషి ఎత్తు, పోయినవాడి ఎత్తు ఒకటే. కోటు తొడిగి చూశారు, సరిపోయింది.

మొదట్లో ఆయన పని ఆ వాయిద్యాన్ని పట్టుకుని నిలబడటం, తీగల మీద చప్పుడు రాకుండా వేళ్లాడించటం. ఒక తెల్లదొర వచ్చి, ఇంత మృదువైన వాయింపు ఎక్కడా వినలేదని చెయ్యి కలిపి పోయాడు. ఆ సిగ్గుతో అమీర్ జాన్ నిజంగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక తేలిందేమిటంటే, ఆ బ్యాండులో పెద్ద ఫిడేలు పని కూడా భోం, భోం అనడమే. నాయన బాకా ఆయన్ని సముద్రం దాటించి పట్టుకుంది.

అక్తర్ బీ వీసా మీద వచ్చేనాటికే ఆ ఫిడేలు ఇంట్లో కాపురముంది. ఉన్నది ఒక్క గది. అది పరుపు పక్కన పడుకునేది. ఏసీ చల్లదనం దానికి ఎంత నప్పుతుందో అంతే పెట్టాలి; అక్తర్ బీకి చలేస్తే దుప్పటి ఉంది. దాన్ని ఆమె సవతి అనేది. నవ్వుతూనే అనేది. ఒక సవతిని ఇన్నేళ్లు భరించింది కదా అని ఇంకొకతెను తెస్తే నవ్వుతూ ఊరుకుంటుందా?

భర్తను ఆమె అడగలేదు. అడిగితే లేదంటాడు. లేదంటే నమ్మాలి. అంత సులువుగా నమ్మే స్థితిలో ఆమె లేదు. అందుకని చూస్తూ ఉంది. చూసిన కొద్దీ మంట ఎక్కువైంది. మాట బయలుదేరినప్పటి నుంచీ అమీర్ జాన్ మీసానికి దువ్వెన పెడుతున్నాడు. అత్తరు రాస్తున్నాడు. లిఫ్టు కోసం నిలబడేటప్పుడు నవాబులాగా ఒక కాలు ముందుకు పెట్టి నిలబడుతున్నాడు. అన్నా, రువైస్ ప్రయాణం ఎప్పుడని రత్నాకర్ ఆటపట్టిస్తే అవునని అనడు, కాదనీ అనడు. ఒక చిన్న నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా అక్తర్ బీ మిషను తొక్కుడు వేగం పెరిగేది.

ఆమెను చూడలేక చివరికి దారి చూపింది కూడా మాలతే. హోటలువాళ్లు ఏడాదికోసారి పనివాళ్ల కుటుంబాలను పిలిచి మధ్యాహ్నం భోజనం పెడతారు. బ్యాండు కూడా ఉంటుంది.

"మనిషి అబద్ధమాడుతడు గని పాట ఆడదక్కా," అంది మాలతి. "పోయి విందాం పా. ఇంటే నీకే ఎర్కయితది."

వినడానికి ముందు అదేం పాటో తెలియాలి కదా. ఆ పాటను వాళ్లు ఎలా వాయిస్తారో రత్నాకర్ విప్పి చెప్పాడు. "మన ఊర్ల పంచాయితి లెక్కనే అక్కా. ముందుగాల అందరు కలిసి ఒక ముచ్చట చెప్తరు. తర్వాత ఒక్కొక్కడు లేసి అదే ముచ్చట తనకు తోచినట్టు చెప్తడు, మిగిలినోళ్లు ఊఁ కొడ్తరు. ఆఖరికి మళ్ల అందరు మొదటి ముచ్చటకే వస్తరు. ఖలాస్."

ఆ ముచ్చట ఏమిటని అక్తర్ బీ అడిగింది. అదే ఎవరికీ తెలియదన్నాడు. నాలుగంటే నాలుగే స్వరాలట. ఒకటి సన్నగా, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇంకొకటి బరువుగా, మళ్లీ ఏమీ లేదు. ఆఖరున రెండు గబగబా. అంతే. ఆ ఖాళీలోనే ఉందక్కా కథంతా, అన్నాడు రత్నాకర్. ఆ మాట అతనిది కాదు, పియానో పెద్దాయనది.

ఆ రోజు అక్తర్ బీ పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టింది. కొట్లాటకు పోయేటప్పుడు చిరిగిన చీర కట్టకూడదని వాళ్లమ్మ చెప్పేది.

హోటలు హాల్లో బెలూన్లు, పిల్లలు, బిర్యానీ. వడ్డన దగ్గర మొదట తగిలింది శాక్సఫోన్ వాయించే ఫిలిప్పీన్స్ అబ్బాయి. మాలతి పక్కనున్న ఆమె ఎవరో అతనికి తెలియదు. రువైస్ పాట వినడానికి వచ్చామనగానే కబాబు నములుతూ, తనకొచ్చిన హిందీలో, అది చాలా విచారమైన పాటని చెప్పాడు. మొదటి స్వరం ఆయన పిలుపట. ఆ ఖాళీలో ఆమె పలకదట. రెండోది ఆయన గుండె పడిపోవడమట. ఆఖరి రెండూ రైలో, బస్సో కదిలిపోవడం. తాను దాన్ని ఏడుస్తున్నట్టే వాయిస్తానని, ఆ అమ్మాయి ఎవరో గాని చాలా అందగత్తె అయి ఉంటుందని అన్నాడు.

"నేను ఆయన భార్యను," అంది అక్తర్ బీ హిందీలో.

అతను కబాబు మింగాడు. తర్వాత నీళ్లు తాగాడు. ఆ తర్వాత, మీరూ చాలా బాగుంటారని చెప్పి వెళ్లిపోయాడు.

డోలు వాయించే శ్రీలంక అతన్ని అడిగితే, అందులో తనకు పనే లేదని, తీగల కుంచెలతో డోలు మీద రాస్తూ కూర్చోవడమేనని, ఒకసారి కునుకు కూడా తీశానని చెప్పాడు. మనసుకు కాస్త చల్లగా అనిపించిన మాట అదొక్కటే.

బ్యాండు ఎక్కింది. అమీర్ జాన్ కోటు తొడుక్కుని, ఫిడేలును భుజానికి ఆనించుకుని నిలబడ్డాడు. హాల్లో భార్య ఎక్కడ కూర్చుందో చూశాడు. పట్టుచీర చూశాడు. మీసం మీదికి పోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగింది.

పియానో పెద్దాయన లేచి ఇంగ్లీషులో మాట్లాడాడు. రత్నాకర్ చేతిలో పళ్లెంతో వెనక నిలబడి తెలుగులో చెబుతూ పోయాడు. మన అమీర్ జాన్ దూరపు ఎడారిలో ఒంటరిగా ఉన్నప్పుడు కట్టిన పాట ఇది. ఇందులో ఒక నిశ్శబ్దం ఉంది. ఆ నిశ్శబ్దంలో ఒకరి పేరుంది. దయచేసి అక్కడ పిల్లల్ని గోల చెయ్యనివ్వకండి.

చుట్టుపక్కల బల్లల వాళ్లు ఆ పేరు కోసం అక్తర్ బీ మొహంలోకి చూశారు. ఆమె తలెత్తి ఎదురుగా గోడను చూసింది.

అమీర్ జాన్ కళ్లు మూసుకుని మొదటి తీగ లాగాడు. సన్నది. తర్వాత ఏమీ లేదు.

ఆ ఏమీ లేనిచోట అక్తర్ బీ కుడిచెయ్యి తనంతట తానే లేచింది. కొంగు పట్టుకుంది. వేళ్లు తుడుచుకుంది. ఆమెకు తెలియకుండానే జరిగిపోయింది. తెలిసి చెయ్యి వంక చూసుకునేలోగా రెండో స్వరం మోగింది. లావుది, నేల అదిరేది. ఆమె భుజాలు ఉలిక్కిపడి ముడుచుకున్నాయి. ఆఖరి రెండూ గబగబా పలికేసరికి ఆమె సగం లేచి తలుపు వైపు చూస్తోంది.

"ఎటు చూస్తున్నవక్కా?" అంది మాలతి.

"కుక్కరు," అంది అక్తర్ బీ.

అని, మళ్లీ కూర్చుంది. అప్పుడు అర్థమైంది.

అది కరోనా ఏటి సంగతి. హోటళ్లు మూసేశారు. బ్యాండువాళ్లు ఎవరి దారిన వాళ్లు పోయారు. అమీర్ జాన్ అటక మీది పాత పనిముట్లు దింపుకుని, రువైస్‌లో ఏసీ గొట్టాల పని దొరికిందని పోయాడు. ఫిడేలు అల్ నహ్దాలోనే పరుపు పక్కన ఉండిపోయింది. రోజూ పని దిగగానే ఆయన ఫోన్ చేసేవాడు. అన్నం తిన్నావా అని కాదు, దాన్ని పలికించావా అని. పలకకుండా పడి ఉంటే కొయ్యకు చెవుడొస్తుందని ఆయన భయం. అక్తర్ బీ చపాతీ పిండి కలుపుతూ ఉండేది. ఫోను దిండు మీద పెట్టి, పిండి వేలితోనే చేతికందిన తీగ లాగేది. చేతికందేది సన్నది. పిండి చేత్తోనా, తుడుచుకో ముందు అని ఆయన అటునుంచి కేకేసేవాడు. కొంగుతో తుడుచుకునేది. తర్వాత లావుది లాగేది. దాని మోతకు గూట్లో గ్లాసులు గలగలమనేవి. రోజూ తెలిసిందే అయినా రోజూ ఉలిక్కిపడి, అవి సర్దుకునే దాకా ఆగేది. ఈలోగా కుక్కరు కూసేది. మధ్యవి రెండూ గబగబా లాగేసి పొయ్యి దగ్గరికి పరుగెత్తేది. ఆయన రువైస్ నుంచి తిరిగొచ్చే దాకా ఇదే వరస, ఇదే తొందర. రోజూ మొదట పిండి చేత్తోనే లాగేది, రోజూ ఆయన కేకెయ్యాల్సిందే.

ఆ పిండి చెయ్యే ఇప్పుడు కోటు తొడుక్కుని హోటల్లో మోగుతోంది.

పంచాయితీ సాగింది. శాక్సఫోన్ అబ్బాయి లేచి తన వంతు ఏడ్చాడు. పియానో పెద్దాయన వంతు వచ్చింది. ఆయన ఖాళీని ఖాళీగా ఉంచే రకం కాదు. మొదటి స్వరం పలికిన మరుక్షణమే గులాబీలు చల్లినట్టు వేళ్లు పరుగెత్తించాడు. అక్తర్ బీకి వొళ్లు మండింది.

"ఆయన్ని ఆగమను," అంది మాలతితో. "నేనింకా చెయ్యి తుడుచుకోలే."

మాలతి ఆమె నుదురు పట్టుకుని చూసింది.

పాట ముగిసి బ్యాండు దిగగానే అక్తర్ బీ తెర పక్కకు పోయింది. అమీర్ జాన్ ఫిడేలును గోడకు ఆనిస్తున్నాడు, లేదా దాని చాటున నిలబడుతున్నాడు.

"అది నాది," అందామె.

"ఏది?"

"ఆ నాలుగూ. సన్నది, లావుది, మధ్యవి రెండు. మొదటి సందులో నేను చెయ్యి తుడుచుకుంటాండా. రెండోదాంట్లో గ్లాసులు. కడాన కుక్కరు."

"మెల్లగా అనవే. గోవాయన ఉండాడు."

వింటే ఏమని ఆమె అడిగింది. అప్పుడు అమీర్ జాన్ గొంతు తగ్గించి జరిగింది చెప్పుకున్నాడు. తిరిగొచ్చాక మొదటి రోజు తీగలు సరిచూసుకుంటూ, చెవిలో ఉన్నదే చేతికొచ్చి, ఆ నాలుగూ అదే వరసలో, అవే సందులతో పలికించాడు. పెద్దాయన పియానో మీద నుంచి తలెత్తి ఇదెవరిదన్నాడు. నాదేనన్నాడు. నోరు జారింది. పేరేమిటంటే రువైస్ అన్నాడు. అప్పటినుంచి పెద్దాయన వచ్చిన ప్రతి అతిథికీ ఆ నిశ్శబ్దం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక పెళ్లి విందులో ఆ ఖాళీ దగ్గర అందరూ తలలు వంచేట్టు చేశాడు. అంత జరిగాక అది పెళ్లాం చెయ్యి తుడుచుకునే సందని ఏ మొహంతో చెప్పేది?

"రువైస్‌లో ఆడమనిషి ఉందనే మాట నీ చెవిన పడ్నా?" అంది అక్తర్ బీ.

"పడింది."

"పడీ ఊరకున్నావు."

ఆయన కొంచెంసేపు ఫిడేలు మెడ నిమిరాడు. "ఇన్నేండ్లుగా ఈ బ్యాండులో నన్ను పొగిడినోడు లేడు, తిట్టినోడూ లేడే అక్తరూ. మా నాయన బాకా మాదిరి. ఇప్పుడు పోతా ఉంటే నలుగురూ తిరిగి చూస్తాండారు."

ఆమె మనసు ఒక్క క్షణం మెత్తబడింది. ప్రొద్దుటూరులో ఊరేగింపు వెనకాల దుమ్ములో నడిచే మామ గుర్తొచ్చాడు. అయినా ఆ మెత్తదనం నిలవలేదు.

"వాళ్లు చూసేది నిన్ను కాదయ్యా, నన్ను. లిఫ్టులో చూస్తాండారు. జాకెట్టు కొలతలిస్తా కూడా నన్నే చూస్తాండారు, పాపం అన్నట్టు. చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె ఆయన్ని నిలదీసింది అదే మొదటిసారి. అమీర్ జాన్ ఫిడేలు వైపు చూశాడు. అదేమీ సాయం చెయ్యలేదు. చెప్పాడు. వచ్చీరాని హిందీలో, పిండి దగ్గర నుంచి కుక్కరు దాకా, బ్యాండులో మిగతా ముగ్గురికీ అర్థమయ్యేట్టు చేతులతో చూపిస్తూ చెప్పాడు.

శాక్సఫోన్ అబ్బాయి నేల మీద కూర్చుని నవ్వాడు. డోలు అతను కునుకు తీసినందుకు ఇప్పుడు బాధ లేదన్నాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆయన మొహం చిన్నబోయింది. తలలు వంచిన పెళ్లివారు గుర్తొచ్చారో ఏమో, కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత అక్తర్ బీ వైపు తిరిగి, చాలా మర్యాదగా, ఎంతసేపు తుడుచుకునేవారమ్మా అని అడిగాడు.

ఆమె కొంగు తీసి చూపించింది. ముందు అరచెయ్యి, తర్వాత వెనకవైపు, తర్వాత వేళ్ల సందులు. పిండి వేళ్ల సందుల్లోనే ఉంటుంది.

"అరే," అన్నాడాయన. "నేను ఎప్పుడూ తొందరపడుతున్నాను."

భోజనాలయ్యాక రెండోసారి బ్యాండు ఎక్కినప్పుడు పెద్దాయన ఉపన్యాసం ఇవ్వలేదు. ఈ పాట శ్రీమతి అక్తర్ బీది అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాడు. రత్నాకర్ దాన్ని తెలుగులో చెప్పడం మర్చిపోయి పళ్లెం పట్టుకుని నిలబడిపోయాడు. మాలతే గట్టిగా చెప్పింది, రెండుసార్లు, వెనక బల్లల దాకా వినబడేట్టు. చెప్పొద్దని ఎవరితోనూ ఒట్టు పెట్టించుకోలేదు.

ఈసారి అమీర్ జాన్ కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే కుదరదు, ముందు వరసలో అక్తర్ బీ చెయ్యి ఎప్పుడు ఆగుతుందో చూసి రెండో తీగ లాగాలి. సన్నది పలికింది. ఆమె కొంగు అందుకుంది. పియానో మీద పెద్దాయన రెండు చేతులూ గాలిలోకి ఎత్తి పట్టుకున్నాడు. శాక్సఫోన్ అబ్బాయి ఊపిరి బిగబట్టాడు. హాలంతా ఆగింది. అరచెయ్యి అయింది, వెనకవైపు అయింది, వేళ్ల సందులూ అయ్యాయి.

ఆమె ఎడమచెయ్యి కూడా తుడుచుకుంది.

అమీర్ జాన్ తీగ మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీద చెమట కనిపించింది. ఆమెకు తొందరేమీ లేదు. ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడిచింది, ఉంగరం కూడా తిప్పి తుడిచింది. అప్పుడు కొంగు వదిలింది. లావు తీగ మోగింది. ఎవరో గ్లాసును చెంచాతో గలగలలాడించారు. ఆఖరి రెండు స్వరాల ముందు డోలు అతను ఇత్తడి తాళం మీద కుంచెతో సుయ్యిమని రాశాడు. పిల్లలంతా ఆ చప్పుడు అందుకుని కుక్కరు కూతలు పెట్టారు.

ఆ తర్వాత ఆ హోటల్లో ఆ పాట అలాగే నిలిచిపోయింది. ఎవరి వంతు వచ్చినా ముందు చేతులెత్తి ఆగుతారు. కొత్తగా ఎవరైనా బ్యాండులో చేరితే అమీర్ జాన్ వాళ్లకు ముందు చెయ్యి తుడుచుకోవడం నేర్పుతాడు. మీసానికి దువ్వెన పెట్టడం మాత్రం మానలేదు. తన పాట వాయించే మనిషి శుభ్రంగా కనబడాలని అక్తర్ బీయే పెట్టిస్తోంది.

భవనంలో మాట అంత తేలిగ్గా చావలేదు. సగం మంది నమ్మారు. మిగతా సగం మంది, అమీర్ జాన్ గట్టివాడు, భార్య పేరు పెట్టి రువైస్ ఆమెను భలే దాచేశాడన్నారు. ఆమె అలిగి పిల్లల్ని తీసుకుని కేరళ వెళ్లిపోయిందని కూడా అన్నారు.

అమీర్ జాన్ పని చేసిన రువైస్ క్యాంపులో ఉన్నదంతా మగవాళ్లే. వంటవాడు, ఊడ్చేవాడు, మందులిచ్చే నర్సు కూడా మగవాళ్లే. ఆయన అక్కడున్న ఆ కరోనా నెలల్లో క్యాంపు నుంచి ఎవరినీ బయటికి పోనివ్వలేదు.